మీ కాలనీకి తెలిసింది మీ నగరానికి కూడా తెలియాలంటే

2023 జులై చివరి వారంలో వరంగల్‌లో ఉన్నవాళ్లకి ఆ వాన గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది, హనుమకొండలో, వరంగల్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి, 29న భద్రకాళి చెరువు కట్టకి గండి పడింది. మా గల్లీ చివరింట్లో ఒక అవ్వ ఉంటుంది. "ఈడ కుంట ఉండె బిడ్డా, మా చిన్నప్పుడు బతుకమ్మలు అందులనే వేసేటోళ్లం, గట్టిగ వాన పడితే నీళ్లు మళ్ల ఈడికే వస్తయి" అని ఆమె ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. నీళ్లు సరిగ్గా ఆమె చెప్పిన చోటికే వచ్చాయి.

అప్పటికి మన ఊరు స్మార్ట్ సిటీల జాబితాలోకి వచ్చి ఏడేళ్లయింది. కేంద్రం ఆ మిషన్‌ని 2015 జూన్‌లో మొదలుపెట్టి, 100 నగరాలను ఎంపిక చేసి, 2025 మార్చి 31న ముగించింది. మన దగ్గర విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ అందులో ఉన్నాయి. రోడ్లు వేశారు, కెమెరాలు పెట్టారు, కమాండ్ కంట్రోల్ సెంటర్లు కట్టారు. అవన్నీ కావాల్సినవే. కానీ అవ్వకి తెలిసిన ఆ ఒక్క ముక్క ఏ కంప్యూటర్‌లోకీ ఎక్కలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు. ఇంకో సంగతి చాలామందికి గుర్తుండదు, 2022 సెప్టెంబర్‌లో వరంగల్ యునెస్కో వారి లెర్నింగ్ సిటీల నెట్‌వర్క్‌లో కూడా చేరింది, కేరళ నుంచి త్రిసూర్, నిలంబూర్‌తో పాటు. అంటే నేర్చుకునే నగరం అని మనకి పేరైతే వచ్చింది. ఆ పేరుకి తగ్గ పని గల్లీ స్థాయిలో ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. వరంగల్ ఉదాహరణలతోనే చెబుతాను, మీరు కాకినాడలో ఉన్నా కరీంనగర్‌లో ఉన్నా పద్ధతి ఇదే.

ముందు ఒక్క ప్రశ్న పట్టుకోండి

మొదటి మీటింగ్‌లోనే చెత్త, నీళ్లు, కరెంటు, కుక్కలు, పార్కింగ్ అన్నీ ఎత్తుకుంటే రెండో మీటింగ్‌కి ఎవరూ రారు. అన్నీ ముఖ్యమైనవే, కానీ మొదటి ఆరు నెలలకి ఒక్కటే ప్రశ్న పెట్టుకోండి, దానికి జవాబు కొలిచి చెప్పగలిగేలా ఉండాలి. "మా కాలనీ బాగుపడాలి" అంటే కొలవలేం. "వాన పడితే మా కాలనీలో నీళ్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయి, ఎటునుంచి వస్తున్నాయి, ఎన్ని గంటలకి పోతున్నాయి" అంటే కొలవగలం. నల్లా నీళ్లు ఏ గల్లీకి ఎన్ని నిమిషాలు వస్తున్నాయి అనేది కూడా మంచి ప్రశ్నే. నేను వాన నీళ్ల లెక్కనే పట్టుకుని చెబుతాను, మన ఊరికి అదే పెద్ద టెన్షన్ కాబట్టి.

మొత్తం డివిజన్‌ని నెత్తిన పెట్టుకోకండి. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నాయి, ఒక్కో దాంట్లో వేలమంది. మీరు నడిచి పావుగంటలో చుట్టి రాగలిగినంత మేర తీసుకోండి, 150 నుంచి 200 ఇళ్లు చాలు. పని చేసేవాళ్లు ఐదుగురుంటే చాలు, వాళ్లలో ఇద్దరైనా ఆడవాళ్లుండాలి, ఒకరైనా కిరాయికి ఉండేవాళ్లయి ఉండాలి. సొంతిల్లున్న మగవాళ్లే కూర్చుని మాట్లాడుకుంటే కిరాయివాళ్ల గ్రౌండ్ ఫ్లోర్ గదిలోకి నీళ్లొచ్చిన సంగతి బయటికే రాదు.

ఎవరికి ఏం తెలుసో వెతకడం

అన్నిటికంటే ఎక్కువ టైం దీనికి పెట్టండి. చదువుకున్నవాళ్ల దగ్గరే జ్ఞానం ఉంటుందనే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది, దాన్ని పక్కన పెడితే తప్ప ఈ పని సాగదు.

మోరీలు తీసే పారిశుధ్య కార్మికులకి ఏ మ్యాన్‌హోల్ ఎక్కడ పూడుకుపోతుందో, ఏ పైపు ఎటు పోతుందో ఏ ఇంజినీరుకన్నా బాగా తెలుసు. శానిటరీ జవాన్‌కి ఏ గల్లీలో చెత్త నాలాలో పడుతుందో తెలుసు. నల్లా వాల్వు తిప్పే లైన్‌మన్‌కి లైన్ ఎక్కడ లీకవుతుందో తెలుసు. పొద్దున్నే కూరగాయల బండి తోసుకొచ్చే అక్కకి ఏ రోడ్డు మీద నీళ్లు నిలిచి బండి ఇరుక్కుంటుందో తెలుసు. ఆటో నడిపేవాళ్లకీ అంతే. పట్టణ మహిళా పొదుపు సంఘాలను చూసుకునే మెప్మా ఆర్‌పీ అక్కకి, ఆశా వర్కర్‌కి ఏ ఇంట్లో మంచం పట్టిన పెద్దమనిషి ఉన్నారో, ఎవరిని ముందు బయటికి తీసుకురావాలో తెలుసు. ఇక ముసలివాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, పాత ఊరు తెలుసు.

అడిగే తీరు చాలా ముఖ్యం. ఫారం పట్టుకుని వెళ్లి "మీ సమస్యలేంటి" అని అడిగితే మనుషులు బిగుసుకుపోతారు, లేదా పెన్షన్ రాలేదని చెబుతారు. బతుకమ్మ ఎక్కడ వేసేవాళ్లు, వినాయకుణ్ణి ఎక్కడ నిమజ్జనం చేసేవాళ్లు, బర్రెలు ఎక్కడ నీళ్లు తాగేవి, బట్టలు ఎక్కడ ఉతికేవాళ్లు, ఎండాకాలంలో కూడా ఎండని బావి ఏది అని అడగండి. ఈ నాలుగైదు ప్రశ్నలకే మీ కాలనీ కింద పూడిపోయిన కుంటలూ ఒర్రెలూ సగం బయటపడతాయి. వరంగల్‌లో ఇది మరీ పనికొస్తుంది, ఎందుకంటే మనవి కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకి పోవాలి. మధ్యలో దారి మూసేసి ఇళ్లు కట్టుకున్నాం, నీళ్లు మాత్రం తమ దారి మర్చిపోలేదు.

వీలైతే వాళ్లతో నడవండి. కుర్చీలో కూర్చున్నప్పుడు గుర్తురానివి నడిచేటప్పుడు గుర్తొస్తాయి. మా అవ్వ మూడు గల్లీలు నడిచి ఒక గోడ దగ్గర ఆగి "ఈడ తూము ఉండె" అంది, అప్పటిదాకా ఆ మాట ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు. మాటల్ని ఫోన్‌లో రికార్డ్ చేసుకోవచ్చు, కానీ ముందు అడిగి చేయండి, తర్వాత రాసింది వాళ్లకి చదివి వినిపించండి. పని పోగొట్టుకుని మీతో గంట తిరిగిన కార్మికుడికి ఆ గంట కూలి ఇవ్వండి, టీ తాగించి పంపేయడం న్యాయం కాదు.

రాసుకోవడం, కొలవడం

ఒక పెద్ద రిజిస్టర్ కొనండి. మొదటి రోజే యాప్ చేయించాలని చూడకండి, యాప్ తయారయ్యేలోపు వానాకాలం అయిపోతుంది. రిజిస్టర్‌లో ఐదు గళ్లు చాలు: తేదీ, టైం, చోటు, ఏం చూశారు, ఎవరు చూశారు. విన్నదాన్నీ కళ్లతో చూసినదాన్నీ వేరువేరు రంగు పెన్నుతో రాయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తర్వాత అధికారి ముందు కూర్చున్నప్పుడు మీ మాటకి బరువు వచ్చేది దీనివల్లే. వారానికోసారి ఎవరైనా ఒక విద్యార్థి దాన్ని గూగుల్ షీట్‌లోకి ఎక్కిస్తే చాలు.

వాన కొలవడం చాలా సులువు. గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న డబ్బా తీసుకోండి, పైన వెడల్పు కింద సన్నం ఉన్న బకెట్ పనికిరాదు. దాన్ని చెట్టుకీ గోడకీ దూరంగా ఖాళీ జాగాలో పెట్టి, రోజూ ఉదయం 8.30కి స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసి, నీళ్లు పారబోయండి. వాతావరణ శాఖ వాళ్లు రోజు లెక్క కట్టేది కూడా ఆ టైంకే, కాబట్టి మీ అంకెని వాళ్ల అంకెతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. పెద్ద వాన వచ్చినప్పుడు గంటగంటకీ కొలిస్తే ఇంకా మంచిది, మోరీలు పొంగేది రోజంతా కురిసిన ముసురుకి కాదు, గంటలో కుమ్మరించిన వానకి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా, అంటే దాదాపు 120 గజాలు, దాని మీద 50 మి.మీ. పడితే 5,000 లీటర్లు. అలాంటి ఇళ్లు 200 ఉంటే 10 లక్షల లీటర్లు, రోడ్ల మీద పడింది కలపకుండానే. ఇదంతా మీ రెండడుగుల మోరీలోకే పోవాలి. ఈ లెక్కని కాలనీ మీటింగ్‌లో బోర్డు మీద వేసి చూపించండి. ఇంకుడు గుంత తవ్వుకోమని పదేళ్లుగా గోడల మీద రాసిన నినాదాలు చేయలేని పని ఈ ఒక్క గుణకారం చేయడం నేను చూశాను, మా గల్లీలో ఆ మీటింగ్ తర్వాతే నలుగురు గుంతలు తవ్వించారు.

నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో గుర్తు పెట్టడం ఇంకో పని. కరెంటు స్తంభాలకో, కాంపౌండ్ గోడలకో, ఇంటివాళ్ల అనుమతితో, పెయింట్‌తో గీత గీసి తేదీ రాయండి. వాన తగ్గిన మర్నాడే చేయాలి, వారం తర్వాత ఎవరి జ్ఞాపకం వాళ్లది. కరెంటు స్తంభం తడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి.

నల్లా నీళ్ల ప్రశ్న ఎంచుకున్నవాళ్లు క్లోరిన్ టెస్ట్ కిట్ ఒకటి తెచ్చుకోండి. నీళ్లలో చుక్కలు వేస్తే రంగు మారుతుంది, దాన్ని పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి ఇంటి నల్లాలో కూడా ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. అందుకే ట్యాంకు దగ్గర కాకుండా లైన్ చివరి ఇంట్లో చూడాలి.

మ్యాప్ మీద పెట్టడం

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనేది ఎవరైనా మార్చగలిగే, ఎవరైనా వాడుకోగలిగే ప్రపంచ పటం, 2004లో మొదలైంది. అకౌంట్ తెరిచి మీ గల్లీలు, మోరీలు, కల్వర్టులు, చేతిపంపులు, అంగన్‌వాడీ గీయండి, పేర్లు తెలుగులో కూడా ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఉంది, నడుస్తూ పోతుంటే చిన్నచిన్న ప్రశ్నలు అడుగుతుంది, జవాబిస్తే పటంలోకి ఎక్కుతుంది, పదో తరగతి పిల్లలకి అరగంటలో వచ్చేస్తుంది. కానీ ఒక జాగ్రత్త, గూగుల్ మ్యాప్ చూసి అందులో కాపీ కొట్టకూడదు, అది వాళ్ల నియమాలకి విరుద్ధం. మీరు నడిచి చూసిందే పెట్టాలి. ఇక్కడ కుంట ఉండేదట, ఇక్కడ నీళ్లు ఆగాయి లాంటివి అందులో పెట్టకండి, వాటికి అదే పటాన్ని అడుగున పెట్టుకుని యూమ్యాప్ అనే సైట్‌లో మీ సొంత పొర వేసుకోవచ్చు.

పాత ఊరు చూడాలంటే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత ఉపగ్రహ చిత్రాల్లోకి వెనక్కి వెళ్లండి, మన హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ అనే పటాల సైట్ కూడా చూడండి. అవ్వ చెప్పిన కుంట ఇరవై ఏళ్ల కిందటి బొమ్మలో నల్లటి మచ్చలా కనిపించిన రోజు ఆమెని పిలిచి చూపించాం. ఎంతసేపో ఆ స్క్రీన్ వంకే చూస్తూ కూర్చుంది.

నియమం కూడా ఒకటి తెలిసి ఉండాలి. 2012 నాటి 168 నంబర్ జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి, 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగులకీ నాలాలకీ 9 మీటర్లు, అంతకన్నా సన్నవాటికి 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. ఇది పట్టుకుని పేదవాళ్ల ఇళ్ల మీదికి ఫిర్యాదులు రాయడానికి మాత్రం వాడకండి, నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. కొత్తగా ఎవరైనా నాలా పూడుస్తుంటే ఆపడానికి, ఉన్న నాలాకి పూడిక తీయించడానికి వాడండి.

ఎక్కడ కూర్చోవాలి

గ్రంథాలయంలో. మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆ హాలు మీదే. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టారు, నిజాం కాలంలో తెలుగు చదువుకి దిక్కులేని రోజుల్లో. తెలిసినది నలుగురికీ అందాలంటే ఒక గది, ఒక బల్ల, ఒక తాళంచెవి కావాలని వాళ్లు అప్పుడే అర్థం చేసుకున్నారు. దగ్గర్లో గ్రంథాలయం లేకపోతే మహిళా సమాఖ్య భవనం, బడి, కమ్యూనిటీ హాలు ఏదైనా సరే, ఎవరి ఇంట్లోనో గుడిలోనో వద్దు, కొందరు అక్కడికి రాలేరు. రిజిస్టర్ అక్కడే ఉండాలి, ఎవరు అడిగినా తీసి చూపించాలి. గోడ మీద కాలనీ మ్యాప్ పెద్దగా ప్రింట్ తీసి అతికించండి. పక్కన పెన్సిల్ కట్టండి. మేం మూడు నెలల్లో చేసిన తప్పులు ఒక్క వారంలో సరిదిద్దారు పెన్సిల్‌తో వచ్చినవాళ్లు.

వాట్సాప్ గ్రూప్ పనికొస్తుంది, కానీ అందులో వచ్చినది మర్నాటికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పోతుంది. గ్రూప్‌లో వచ్చిన ప్రతి సమాచారాన్నీ రిజిస్టర్‌లోకి ఎక్కించే బాధ్యత ఒక మనిషికి ఇవ్వండి.

ఆఫీసుకి తీసుకెళ్లడం

ఉత్త చేతులతో గుంపుగా వెళ్లి అరిస్తే ఒక రోజు పని జరుగుతుంది. రెండు పేజీలు తీసుకెళ్లండి: మొదటి పేజీలో మ్యాప్, రెండో పేజీలో తేదీలూ అంకెలూ, చివర మీరు అడిగేది ఒక్క వాక్యంలో. "ఫలానా కల్వర్టు కింద పూడిక జూన్‌లోపు తీయాలి" అన్నంత సూటిగా ఉండాలి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆంధ్రలో అయితే ముందు వార్డు సచివాలయానికి వెళ్లండి, 2019 అక్టోబర్ 2 నుంచి ఉన్న వ్యవస్థ అది, అక్కడ సౌకర్యాలకి, పారిశుధ్యానికి, ప్లానింగ్‌కి వేరువేరు కార్యదర్శులుంటారు. రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెబుతోంది, మీ వార్డులో కమిటీ ఉందా, ఎప్పుడు కూర్చుంది, మినిట్స్ ఎక్కడున్నాయి అని అడగడం మీ హక్కు.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబివ్వాల్సిన పని వాళ్లకి లేదు. ఉన్న కాగితాలు అడగండి: మీ నాలా పూడికతీతకి గత మూడేళ్లలో ఇచ్చిన వర్క్ ఆర్డర్ల కాపీలు, ఎంబీ పుస్తకం కాపీలు, అంటే పని కొలతలు రాసిన పుస్తకం. దాన్ని మీ రిజిస్టర్ పక్కన పెట్టి చూస్తే అంతా తెలుస్తుంది. మేం ఇచ్చిన మొదటి కాగితం ఒక ఆఫీసులో పోయింది, రసీదు లేదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, నాలుగు నెలలు పోయాయి. అందుకే రసీదు గురించి ఇంత పట్టుగా చెబుతున్నాను. ఇంకోటి, అక్కడ పనిచేసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కూడా మీలాగే సమాచారం లేక ఇబ్బంది పడుతుంటారు. మంచి మ్యాప్ ఇస్తే దాన్ని పై ఆఫీసులో చూపించి డబ్బులు అడగడానికి వాళ్లకీ దారి దొరుకుతుంది.

కాలేజీల్ని కదిలించడం

మన ఊళ్లో ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. జాతీయ సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్న ప్రతి విద్యార్థీ ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఆ గంటల్లో ఇరవై మీ కాలనీ లెవల్స్, అంటే నేల ఎత్తుపల్లాలు, తీయడానికి ఇమ్మని ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ఉత్తరం రాయండి, సివిల్ పిల్లలకి లెవలింగ్ వచ్చు, వాళ్లకి ప్రాజెక్ట్ కావాలి, మీకు నీళ్లు ఎటు వాలుతున్నాయో తెలియాలి. ముందే ఒక షరతు పెట్టండి, చేసిన రిపోర్ట్ కాపీ తెలుగులో మీ గ్రంథాలయంలో ఉండాలని. సర్వేలు చేసుకుని వెళ్లిపోయి మళ్లీ ముఖం చూపించనివాళ్లని ఇప్పటికే చాలామందిని చూశాం.

బయట పెట్టకూడనివి

నీళ్లు ఎక్కడ ఆగాయో అందరికీ చూపించండి. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి జబ్బుంది, ఎవరి ఫోన్ నంబర్ ఏంటి అనేవి మాత్రం ఆన్‌లైన్ షీట్‌లో అసలు పెట్టకండి. అది వేరే నోట్‌బుక్‌లో రాసి ఆశా వర్కర్ దగ్గరో ఆర్‌పీ అక్క దగ్గరో ఉంచండి, వరద వచ్చిన రాత్రి అదే పనికొస్తుంది. కార్మికులు చెప్పిన సంగతుల కింద, రిజిస్టర్‌లోని "ఎవరు చూశారు" గడిలో కూడా, వాళ్ల పేర్లు రాయకండి, వాళ్ల ఉద్యోగాలు ఎంత గట్టివో మనందరికీ తెలుసు.

చివరిగా, ఈ పని ఒక మనిషి మీద నిలబడితే ఆ మనిషి బదిలీ అయిన రోజే ఆగిపోతుంది. షీట్ పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గర ఉంచండి. వాన కొలిచే డబ్బా ప్రతి నెలా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారాలి, దాంతో పాటే స్కేలు కూడా. ఏటా మే నెలలో, వానలకి ముందు, రాసిందంతా ఒకసారి అందరి ముందూ చదివి, తప్పులు కొట్టేసి, కొత్త రిజిస్టర్ మొదటి పేజీలో పాతదాని ముఖ్యాంశాలు ఎక్కించండి. మా డబ్బా ఈ నెల అవ్వ వాళ్లింట్లో ఉంది. కొలిచేది వాళ్ల మనవరాలు, ఎనిమిదో తరగతి.